రీబిల్డ్ చేసిన బ్రేక్ కాలిపర్లు: లోపల ఏం పూయాలి, ఎలా దాచాలి

కాలిపర్ అంటే లోపలి పిస్టన్‌తో ప్యాడ్లను చక్రం దగ్గరి డిస్కుకు నొక్కి బండిని ఆపే భాగం. దాన్ని విప్పారు, తుప్పు వదలగొట్టారు, కొత్త రబ్బరు కిట్ తెచ్చి సీళ్లు మార్చారు. ఇక బిగించడమే తరువాయి అనుకుంటే బండి ఇంకా తయారవలేదు. కింద రంగు పని అవలేదు, లేదా ఇంజిన్ ఇంకా స్టాండు మీదే ఉంది, లేదా అసలీ జత స్పేర్‌గా పెట్టుకోవడానికే చేశారు. ఆరు నెలలో, రెండేళ్లో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో అది అరలో కూర్చోవాలి. డౌట్లన్నీ అప్పుడు మొదలవుతాయి. లోపల బ్రేక్ ఆయిల్ నింపి పెట్టాలా, పొడిగా ఉంచాలా? సీల్‌కి రెడ్ గ్రీజా, సిలికాన్ గ్రీజా? అసలు బిగించకుండా విడివిడిగా ఉంచేస్తే నయమా?

పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. వాటిలో చాలావరకు తప్పు కూడా కాదు. ఎవరి కాలిపర్ వాళ్లది, ఎవరు దాచిన కాలం వాళ్లది. అందుకే ముందు మీ కాలిపర్ సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే గ్రీజు డబ్బా మూత తీయండి.

చిక్కంతా ఒక్కచోటే ఉంది. కాలిపర్‌లో ఇనుమూ రబ్బరూ ఒకే ఇంట్లో కాపురం చేస్తాయి. ఒకదానికి మేలు చేసేది రెండోదానికి కీడు చేస్తుంది. ఇనుప సామాను దాచాలంటే నూనె రాసి పెట్టడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచుతుంది. పైగా మన మాటలోనే ఒక ఉచ్చు ఉంది. అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఆయిల్ కాదు. డాట్ అనేది బ్రేక్ ద్రవాల తరగతి పేరు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 గ్లైకాల్ జాతి ద్రవాలు. డాట్ 5 సిలికాన్. ఇంజిన్ ఆయిల్‌తో గానీ, మామూలు గ్రీజుతో గానీ వీటికి ఏ చుట్టరికమూ లేదు. పేరులో ఆయిల్ ఉంది కదా అని చేతికందిన నూనె రాసేవాళ్లను చూశాను. అందులో నేనూ ఒకణ్ని.

నా మొదటి జతకు పెట్రోలియం జెల్లీ రాసి పెట్టాను. మెత్తగా ఉంది, తెల్లగా శుభ్రంగా ఉంది, చర్మానికే ఏమీ కానిది రబ్బరుకేమవుతుందిలే అనుకున్నాను. ఏడాది దాటాక తీస్తే పిస్టన్ కదల్లేదు. ఎలాగో బయటికి లాగి, గాడిలోంచి సీల్ తీశాను. తీసిన సీల్ మళ్లీ ఆ గాడిలో కూర్చోలేదు. కాగితం మీద కొత్త సీల్ పెట్టి, దాని పక్కన పాతది పెట్టి చూస్తే చుట్టూ గోరు మందం తేడా. వేలితో నొక్కితే నానబెట్టిన తోలులా ఉంది. లోహం మాత్రం తళతళలాడుతోంది!

## ముందు తేల్చుకోవాల్సినవి

రబ్బరు ఏ రకం? ఇప్పటి కిట్లలో సీళ్లు ఎక్కువగా ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరువి. గ్లైకాల్ ద్రవంలో ఏళ్లతరబడి నిలుస్తాయి, పెట్రోలియం తగిలితే ఉబ్బుతాయి. పాత బండ్ల కిట్లలో సహజ రబ్బరు, ఎస్‌బీఆర్ అనే ఇంకో కృత్రిమ రబ్బరు కూడా ఉంటాయి. వాటికీ పెట్రోలియం పడదు. ఇంజిన్ ఆయిల్, చాసిస్ గ్రీజు, తెల్ల లిథియం గ్రీజు, తుప్పు వదలగొట్టే స్ప్రేలు, పెట్రోలియం జెల్లీ, ఇవన్నీ ఆ కోవలోవే.

రేపు ఏ ద్రవం పోస్తారు? దాదాపు అన్ని బండ్లకూ డాట్ 3, 4, లేదా 5.1. కొందరు పాత బండ్లను బాగుచేసేవాళ్లు రంగు పాడవకూడదని డాట్ 5 వాడతారు. డాట్ 5 మిగతావాటితో కలవదు. పేర్లు పక్కపక్కన ఉన్నాయని 5నీ 5.1నీ అన్నదమ్ములు అనుకోవద్దు. లోపల పూసేది రేపు పోసే ద్రవంతో సర్దుకుపోయేదై ఉండాలి.

పిస్టన్ దేనిది? క్రోమ్ పూత వేసిన ఉక్కా, స్టెయిన్‌లెస్సా, అల్యూమినియమా, గట్టి ప్లాస్టిక్ లాంటి ఫీనాలిక్ రెజినా? ఇది చాలామంది చూడరు. మామూలు డిస్క్ కాలిపర్‌లో చదరపు అంచున్న సీల్ బోర్ (పిస్టన్ కదిలే రంధ్రం) గాడిలో కూర్చుంటుంది. దాని లోపలి అంచు పిస్టన్‌ను పట్టుకుని ఉంటుంది. అంటే ద్రవాన్ని ఆపేది పిస్టన్ పైతలం. బోర్ గోడ మీద కాస్త మచ్చ ఉన్నా బండి నడుస్తుంది. పిస్టన్ మీద సీల్ పట్టే చోట సూదిమొన అంత గుంట పడితే కారుతుంది. సీల్ పిస్టన్ మీదే ఉండే డిజైన్లూ కొన్ని ఉన్నాయి. వాటిలో లెక్క తిరగబడుతుంది, బోర్ గోడను కాపాడుకోవాలి.

ఎంతకాలం? ఎక్కడ? మూడు నెలలకు చేసే హడావిడి వేరు, మూడేళ్లకు వేరు. చోటు సంగతి ఇంకా ముఖ్యం. కాలిపర్ బరువైన లోహపు ముద్ద, నింపాదిగా వేడెక్కుతుంది, నింపాదిగా చల్లారుతుంది. రాత్రి చల్లబడ్డ ముద్ద మీదికి పొద్దున తేమగాలి వస్తే చల్లటి గ్లాసుకు పట్టినట్టు చెమ్మ పడుతుంది. వాన పడే చోట ఉన్న షెడ్డు కన్నా, పగలూ రాత్రీ వేడిలో బాగా తేడా ఉండే షెడ్డు ఒక్కోసారి ఎక్కువ తుప్పు పట్టిస్తుంది.

## లోపల పూయడానికి ఉన్న దారులు

| పూసేది | గ్లైకాల్ ద్రవంతో | నిల్వలో తీరు | ఎక్కడ వాడాలి | ఎక్కడ వద్దు |
|---|---|---|---|---|
| కొత్త బ్రేక్ ఆయిల్ (రేపు పోసేదే) | అదే కదా | కారిపోతుంది, తేమ లాగుతుంది | వెంటనే బిగించే కాలిపర్‌లో | నెలల తరబడి అరలో |
| బ్రేక్ అసెంబ్లీ పేస్టు | కలిసిపోతుంది | నిలుస్తుంది | సీల్, బోర్, పిస్టన్ | సిలికాన్ ద్రవం పోసేవాటిలో |
| రెడ్ రబ్బర్ గ్రీజు | పల్చగా పూస్తే ఇబ్బంది లేదు | బాగా నిలుస్తుంది, తేమను అడ్డుకుంటుంది | సీల్, బూట్ (దుమ్ము ఆపే రబ్బరు తొడుగు), వాటి మధ్య ఖాళీ | ముద్దలుగా ఎక్కడా వద్దు |
| సిలికాన్ గ్రీజు | కలవదు | బాగా నిలుస్తుంది | స్లైడ్ పిన్లు (కాలిపర్ అటూఇటూ జరిగే కడ్డీలు), బూట్ బయటివైపు | ద్రవం తగిలే చోట |
| పెట్రోలియం గ్రీజు, నూనె | పడదు | లోహానికి మేలు, రబ్బరుకు చావు | ఎక్కడా కాదు | అన్నిచోట్లా |

బ్రేక్ ఆయిల్‌తో తడిపి సీల్ ఎక్కించడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఈరోజు బిగించి, ఈరోజే బ్లీడ్ చేసేటప్పుడు, అంటే లోపలి గాలి తీసేటప్పుడు, అంతకన్నా తేలిక లేదు. నిల్వకు మాత్రం అది సరిపోదు. గ్లైకాల్‌కి తేమ అంటే ప్రాణం. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అంత దాహం ఉన్న ద్రవాన్ని పల్చటి పొరగా పూసి అరలో పెడితే కొన్నాళ్లకు మిగిలేది తడి పొరే. ఆ తడి క్రోమ్ పూతలోని సన్నటి పగుళ్లలోకి దిగి కింద ఉక్కును తినేస్తుంది. బయట కారితే రంగు కూడా లేస్తుంది.

అసెంబ్లీ పేస్టు ఈ పనికే చేసినది. ఏటీఈ వాళ్ల బ్రేక్ సిలిండర్ పేస్టు ఈ రకానిదే. చిక్కగా ఉంటుంది, సీల్ మెలిపడకుండా జారుతుంది, రేపు ద్రవం పోస్తే అందులో కలిసిపోతుంది. లోపలివైపు దేనికైనా ఒక్కటే వాడాలంటే నేను ఇదే చెబుతాను. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. అదే కంపెనీ ప్యాడ్ల వెనక పూసే పేస్టులు కూడా అమ్ముతుంది, ట్యూబులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ప్యాడ్ పేస్టు ద్రవం తగిలే చోటికి పోకూడదు.

రెడ్ రబ్బర్ గ్రీజు ఆముదం ఆధారంగా చేస్తారు. ఆముదమా అని ఆశ్చర్యపోకండి. తొలినాళ్లలో బ్రేక్ ద్రవమే ఆముదం, ఆల్కహాల్ కలిపి చేసేవారు. రబ్బరుకు ఆముదంతో పేచీ లేదు. క్యాస్ట్రాల్ వాళ్లది ఈ రకంలో బాగా తెలిసిన పేరు. నిల్వకు దీన్ని మించింది లేదంటాను. దానికి కారణం, తుప్పు అసలు మొదలయ్యే చోటు.

ఆ చోటు సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. పిస్టన్ చుట్టూ లోపల సీల్ ఉంటుంది, బయట డస్ట్ బూట్ ఉంటుంది. రెంటి మధ్య చిన్న ఉంగరం లాంటి ఖాళీ. సీల్ దాటి ద్రవం అక్కడికి రాదు, కాబట్టి అందులోని తుప్పు నిరోధకాలూ అక్కడికి రావు. బూట్ దాటి గాలి మాత్రం నెమ్మదిగా వస్తుంది, దాంతోపాటు తేమా వస్తుంది. పాత కాలిపర్ విప్పినప్పుడు పిస్టన్ మీద ఒక గోధుమరంగు గీత కనిపిస్తుంది చూడండి, అది ఈ ఖాళీ ఉన్నచోటే. లోపల ఎన్ని లీటర్లు నింపినా ఈ ఉంగరం పొడిగానే ఉంటుంది. అందుకే బిగించేటప్పుడే ఈ ఖాళీలో రెడ్ గ్రీజు చిటికెన వేలితో పల్చగా, చుట్టూ సమంగా పూయాలి. పిస్టన్ లోపలికి నొక్కినప్పుడు బూట్ అంచు నుంచి ఎర్రటి గీత సన్నగా తొంగిచూస్తే సరిపోయినట్టు. ముద్దగా బయటికి వచ్చిందంటే ఎక్కువైనట్టు, తుడిచేయండి.

సిలికాన్ గ్రీజు రబ్బరును ఏమీ అనదు, వేడికి తట్టుకుంటుంది, ఏళ్లు గడిచినా ఎండిపోదు. మరి లోపల ఎందుకు వద్దు? గ్లైకాల్‌లో కరగదు కాబట్టి. పూసింది పూసినట్టే చిన్న ముద్దలై ద్రవంలో తిరుగుతుంది. దాని చోటు స్లైడ్ పిన్ల మీద, అక్కడ రాజా లాంటిది. ఇంకో మాట కూడా ఉంది. మీ షెడ్డులోనే రంగు పని కూడా జరుగుతుంటే సిలికాన్ డబ్బాను ఆ ఛాయలకు రానివ్వకండి. చేతికో, గుడ్డకో కాస్త అంటుకుని ప్యానెల్‌కు తగిలితే రంగు పట్టకుండా చేపకళ్లలా గుంటలు పడతాయి. రేపు డాట్ 5 పోసేవాళ్లకు మాత్రం లెక్క వేరు. వాళ్లు సీళ్లను ఆ సిలికాన్ ద్రవంతోనే తడిపి ఎక్కించుకోవాలి.

స్లైడ్ పిన్ల సంగతి రెండు ముక్కల్లో. పాత గ్రీజు పూర్తిగా తీసి, రంధ్రం అడుగు దాకా శుభ్రం చేసి, పిన్ మీద సిలికాన్ బ్రేక్ గ్రీజు పల్చగా పూయండి. రంధ్రం నిండా గ్రీజు కూరితే పిన్ లోపలికి పోయేటప్పుడు గాలి చిక్కుకుని స్ప్రింగులా వెనక్కి తోస్తుంది. రెండు పిన్లలో ఒకదాని చివర రబ్బరు తొడుగు ఉంటే అది పైదో కిందదో విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోండి.

## దాచే దారులు

ఇక్కడ నాలుగు దారులున్నాయి. నా ఓటు దేనికో ముందే చెప్పేస్తాను: ఏడాది దాటేట్టుంటే అసలు బిగించకండి.

విడిగా ఉంచడం. లోహం పని మొత్తం పూర్తి చేస్తారు: శుభ్రం, పూత, బోర్ నునుపు, కొత్త పిస్టన్. అక్కడితో ఆపేస్తారు. కాలిపర్ ఒళ్లు ఒక కవర్లో, పిస్టన్ విడిగా చుట్టి, రబ్బరు కిట్ దాని ప్యాకెట్లోనే సీల్ విప్పకుండా. ఇలా చేస్తే ఇనుమూ రబ్బరూ వేరు కాపురం పెట్టినట్టే, దేనికి కావాల్సింది దానికి చేయొచ్చు. రబ్బరు లేదు కాబట్టి కాలిపర్ ఒంటికి తుప్పు నిరోధక నూనె కూడా ధైర్యంగా రాయొచ్చు. కాకపోతే బిగించే ముందు బ్రేక్ క్లీనర్‌తో చుక్క మిగలకుండా కడగాలి, సీల్ గాడి మూలలతో సహా. కడగడం మీద నమ్మకం లేకపోతే నూనె మానేసి వీసీఐ కవర్ (తుప్పు ఆపే రసాయనం పట్టించినది) వాడండి.

రబ్బరు వైపు నుంచి చూసినా ఇదే నయం. రబ్బరు సామాను నిల్వకు ఐఎస్ఓ 2230 అనే ప్రమాణం ఉంది. ఆ లెక్కలో ఈపీడీఎంకి తొలి నిల్వకాలం 10 ఏళ్లు, సహజ రబ్బరు, ఎస్‌బీఆర్‌లకు 5 ఏళ్లు. చోటు 25 డిగ్రీల లోపు, చీకటిగా ఉండాలి. అయితే ఈ అంకెలు బిగించని, సాగదీయని ముక్కలకు. పిస్టన్ చుట్టూ బిగుసుకుని కూర్చున్న సీల్‌కి ఆ హామీ లేదు. నెలల తరబడి ఒకే ఆకారంలో నొక్కి ఉంచితే రబ్బరు ఆ ఆకారానికి అలవాటుపడిపోతుంది. బ్రేక్ వదిలినప్పుడు పిస్టన్‌ను కాస్త వెనక్కి లాగేది ఆ సీల్ సాగి తిరిగి ముడుచుకోవడమే. అది సోమరిదైతే ప్యాడ్ డిస్కును వదలదు.

ఈ దారికి లోటు ఒక్కటే: రేపు అవసరం పడ్డప్పుడు అరగంట, గంట పని మిగిలి ఉంటుంది. రోడ్డు పక్కన వాడే స్పేర్‌కి ఇది కుదరదు.

గ్రీజుతో బిగించి పొడిగా దాచడం. లోపల అసెంబ్లీ పేస్టు, బూట్ దగ్గర రెడ్ గ్రీజు, ద్రవం చుక్క కూడా లేదు. పిస్టన్ పూర్తిగా లోపలికి నొక్కి ఉండాలి. అప్పుడు దాని పైతలం గ్రీజు పూసిన బోర్ లోపల భద్రంగా ఉంటుంది, బూట్ మడతలు సాగకుండా సహజంగా పడుకుంటాయి. ద్రవం వచ్చే రంధ్రానికి ప్లాస్టిక్ మూత, గాలి వదిలే బ్లీడర్ నిపుల్‌కి రబ్బరు టోపీ. మూత లేదని గుడ్డముక్కో, దూదో కుక్కకండి, పోగులు లోపల మిగులుతాయి. మూత ఎర్రదో పచ్చదో కొట్టొచ్చినట్టుండే రంగుది పెట్టండి, బిగించేటప్పుడు మరిచిపోరు. తర్వాత వీసీఐ కవర్లో గానీ, మందపాటి జిప్ కవర్లో సిలికా జెల్‌తో గానీ మూసేయండి.

వీసీఐ అంటే ఆవిరిగా లేచి లోహం మీద పల్చటి కాపు వేసే రసాయనం పట్టించిన కవర్. రెండు విషయాలు చూడాలి. ఇనుముకు మాత్రమే అని రాసి ఉంటే అల్యూమినియం కాలిపర్‌కి వద్దు, అన్ని లోహాలకూ పనికొచ్చే రకం తీసుకోండి. కవర్ మూతి మూసి ఉండాలి, తెరిచి ఉంచితే ఆవిరి పోతుంది, డబ్బు దండగ. వీసీఐ ఉన్నచోట సిలికా జెల్ కూడా వేయాల్సిన పనిలేదు. జెల్ ఒక్కటే వాడేవాళ్లు రంగు మారే రకం తీసుకుంటే మంచిది. మామూలు అట్టపెట్టెలో జెల్ పొట్లం వేసి నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. అట్టపెట్టెలో అది ఊరి తేమంతా తాగి కొన్ని వారాలకే చేతులెత్తేస్తుంది.

ద్రవం నింపి దాచడం. లోపల గాలి లేకపోతే తుప్పు ఎలా పడుతుంది అనేది ఇందులో తర్కం. పోత ఇనుప కాలిపర్ల విషయంలో ఆ మాటలో పస ఉంది. కొత్త ద్రవంలో తుప్పు నిరోధకాలుంటాయి, మూతలు గట్టిగా ఉంటే తేమ లోపలికి రావడమూ తక్కువే. నాకు నచ్చనివి ఇవీ. బూట్ వెనకున్న ఉంగరానికి దీనితో లాభం లేదు. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది. అంచుదాకా నింపి బిగిస్తే పిస్టన్‌ను బయటికి తోస్తుంది, లేదా మూత దగ్గర కారుతుంది, కారింది రంగును తింటుంది. కాస్త ఖాళీ వదలాలి, వదిలితే ఆ మేరకు గాలి ఉంటుంది. ఎలాగూ తీసేటప్పుడు ఆ ద్రవం పారబోయాల్సిందే. ఏడాది లోపు, ఇనుప ఒళ్లు, నమ్మకమైన మూతలు, ఈ మూడూ ఉంటేనే నేను దీనికి సరే అంటాను. డాట్ 5 వాడేవాళ్లకు మాత్రం ఇది మంచి దారే, ఎందుకంటే సిలికాన్ తేమను పీల్చదు. కానీ లోపల ముందే నీటి చుక్క ఉంటే అది కలవకుండా అడుగున చేరి అక్కడే గుంట తవ్వుతుంది. నింపే ముందు కాలిపర్ ఎండి ఉండాలి.

పొడిగా బిగించి పెట్టెలో పడేయడం. ఏమీ పూయకుండా. రెండు వారాలకైతే పర్వాలేదు. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

| దారి | సరిపోయే కాలం | ఇనుప ఒళ్లు | అల్యూమినియం ఒళ్లు | తీసి వాడేముందు పని |
|---|---|---|---|---|
| విడిగా ఉంచడం | ఏడాది నుంచి చాలా ఏళ్లు | చాలా మంచిది | చాలా మంచిది | కడిగి, కిట్ వేసి బిగించాలి |
| గ్రీజుతో బిగించి, కవర్లో | ఏడాది, రెండేళ్లు | మంచిది | మంచిది | పిస్టన్ కదిపి చూడాలి |
| గ్లైకాల్ ద్రవం నింపి | ఏడాది లోపు | ఫర్వాలేదు | లాభం తక్కువ | ద్రవం పారబోసి కొత్తది |
| ఏమీ పూయకుండా | వారాలు | ప్రమాదం | ఫర్వాలేదు | విప్పి చూడటం మేలు |

ఫీనాలిక్ పిస్టన్ ఉంటే ద్రవం నింపే దారి మరిచిపోండి. అది తుప్పు పట్టదు గానీ తేమ పీల్చి లావవుతుంది, బోర్‌లో బిగుసుకుంటుంది. పొడి కవరే దానికి మందు.

హ్యాండ్ బ్రేక్ యంత్రాంగం లోపలే ఉండే వెనక కాలిపర్లది ఇంకో కథ. వాటి పిస్టన్ తిప్పితే లోపలికి పోతుంది, సీ-క్లాంప్‌తో నొక్కితే లోపలి స్క్రూ పాడవుతుంది. తిప్పే పనిముట్టుతోనే లోపలికి పంపి దాచండి. విడిగా ఉంచే సలహా వీటికి అంతగా కుదరదు. లోపలి స్ప్రింగు, క్లిప్పు మళ్లీ ఎక్కించడం తలనొప్పి. వీటిని గ్రీజుతో బిగించి దాచడమే మంచిది.

## మీరు ఎవరు?

మూడు నెలల్లో బిగించేస్తారా? అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు. అసెంబ్లీ పేస్టు, బూట్ దగ్గర రెడ్ గ్రీజు, మూతలు, జిప్ కవర్. అయిపోయింది.

పాత బండిని ఏళ్లతరబడి బాగుచేస్తున్నవాళ్లు సాధారణంగా కాలిపర్ల పని ముందే చేసేస్తారు, చిన్న పని, చేతిలో పూర్తయిన వస్తువు కనబడితే ఉత్సాహంగా ఉంటుంది కాబట్టి. ఆ సరదా నాకూ తెలుసు. కానీ ఇంజిన్, వైరింగ్, సీట్లు అయ్యేసరికి మీరు అనుకున్న కాలానికి రెట్టింపు పడుతుంది. లోహం పని చేసేసి, కిట్ మాత్రం బండి చక్రాల మీద నిలబడే వారం వేయండి. ఉత్సాహం కోసమే అయితే రంగు వేసిన కాలిపర్‌ను అరలో చూసుకోవచ్చు, లోపల సీల్ లేదని ఎవరికీ తెలియదు.

స్పేర్‌గా ఉంచుకునేవాళ్లు తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి: అవసరం పడ్డరోజు నాకు గంట తీరిక ఉంటుందా? ఒకే బండి మీద బతుకు నడుస్తుంటే ఉండదు. అప్పుడు గ్రీజుతో బిగించి దాచండి, రెండేళ్లకోసారి కొత్త కిట్ వేయండి. రెండో బండి ఉన్నవాళ్లు విడిగా ఉంచుకోవచ్చు.

మోటార్‌సైకిల్ కాలిపర్లు చిన్నవి, కొన్నింటిలో నాలుగు పిస్టన్లు. రెండు చెక్కలుగా విడిపోయే రకమైతే మధ్యలో ద్రవం దాటే చోట చిన్న ఓ-రింగ్ ఉంటుంది. కొన్ని కిట్లలో అది రాదు. విడిగా దాచేముందే ఆ ఓ-రింగ్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే బిగించే రోజు పని ఆగిపోతుంది.

రీబిల్డ్ చేసిన కాలిపర్‌ను పెట్టెలో కొని పెట్టుకున్నవాళ్లకు లోపల ఏం పూశారో తెలియదు. బూట్ అంచు మెల్లగా ఎత్తి చూడండి. పొడిగా ఉంటే కాస్త రెడ్ గ్రీజు పూసి, మూతలు సరిచూసి కవర్లో పెట్టండి. వారంటీ ఉంటే విప్పకండి.

ఎవరైనా సరే, దాచే చోటు విషయంలో ఒకటి పాటించాలి. కంప్రెసర్ మోటారు, వెల్డింగ్ యంత్రం ఉన్న మూల వద్దు. మోటారులో నిప్పురవ్వలు, వెల్డింగ్ ఆర్క్ ఓజోన్ పుట్టిస్తాయి. సాగి ఉన్న రబ్బరును ఓజోన్ సన్నటి పగుళ్లతో చీలుస్తుంది. పెట్రోల్ డబ్బాల పక్కనా వద్దు, సిమెంటు నేల మీద నేరుగా అసలే వద్దు.

## అరలోంచి తీసిన రోజు

ముందు బూట్‌ను వేలితో సాగదీసి మడతల మధ్య చూడండి. వెలుతురుకు పెడితే పగుళ్లు కనిపిస్తాయి. తర్వాత పిస్టన్‌ను కొంచెం బయటికి తెప్పించి, మళ్లీ లోపలికి నొక్కండి, ఇలా నాలుగైదుసార్లు. గాలి వాడితే చాలా తక్కువ ఒత్తిడితో, పిస్టన్ ఎదురుగా చెక్కముక్క పెట్టి చేయండి. మధ్యలో వేళ్లు పెట్టకండి. కంప్రెసర్ పూర్తి ఒత్తిడి వదిలితే పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది, వేలు నలగడం ఖాయం. మొదటిసారి కాస్త బిగుతుగా ఉండి తర్వాత నునుపుగా కదిలితే బాగున్నట్టే. ప్రతిసారీ ఒకేచోట పట్టేస్తుంటే విప్పండి, సీల్ ఉబ్బిందో తుప్పు మొదలైందో తేలిపోతుంది. అనుమానం మిగిలితే కొత్త కిట్ వేసేయండి. ఇది బ్రేక్, సర్దుకుపోవడానికి వేరే పార్టులున్నాయి.

బ్రేక్ పైపును కాలిపర్‌కు పట్టించే బాంజో బోల్టుకు రాగి వాషర్లు కొత్తవి వేయండి. బ్లీడ్ చేసేటప్పుడు మొదట వచ్చే ద్రవం కాస్త మసకగానో ఎర్రగానో ఉండొచ్చు, అది మీరు పూసిన గ్రీజే. తేటగా వచ్చేదాకా పోనివ్వండి. బండి కదిపేముందు పెడల్‌ను ఒక నిమిషంపాటు గట్టిగా తొక్కిపట్టి, ఎవరినైనా టార్చి పట్టుకుని కాలిపర్ చుట్టూ చూడమనండి.

ఇక కవర్ మీద చీటీ. అది లేకపోతే పైన చెప్పినవన్నీ రెండేళ్లకు మీకే గుర్తుండవు. ముఖ్యంగా ఎడమా కుడీ. జత కాలిపర్లు అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, కొన్నింటిని అటుదిటు బిగించినా బోల్టులు పట్టేస్తాయి. అప్పుడు బ్లీడర్ నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైనే చిక్కుకుంటుంది, ఎంత బ్లీడ్ చేసినా పెడల్ స్పాంజిలా ఉంటుంది. ఒక సాయంత్రమంతా నేను అలాగే పెడల్ తొక్కాను. ఇప్పుడు నా అరలో ఉన్న కవర్ మీద స్కెచ్ పెన్నుతో ఇలా ఉంది: "ముందు ఎడమ. నిపుల్ పైకి. సీల్ వేయలేదు, కిట్ లోపల ఉంది. నూనె రాయలేదు. డాట్ 4."